పెట్రోలు బంకు పాత వ్యవస్థను మార్చుకోవడం – నాలుగో పాఠం: డిప్ రాడ్ పక్కన ప్రోబ్

గత పాఠంలో ఆఫీసు గదిలోని విద్యుత్ సరఫరాను, ఎర్తింగును సరిచేసుకున్నాం. ఆ పని ఇంకా మిగిలి ఉన్నవారు దయచేసి ఈ పాఠం మొదలుపెట్టవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బంకులు జనరేటర్ల మీద నడిచాయి. ఎర్తింగు సరిగా లేని చోట కంట్రోలు కార్డులు కాలిపోవడం నేను కళ్లారా చూశాను. పాత కార్డు పోతే బాధపడి ఊరుకోవచ్చు. కొత్తగా పెట్టిన పరికరం పోతే యజమాని మళ్లీ ఆ మాట ఎత్తనివ్వడు.

ఈ పాఠం భూగర్భ ట్యాంకు గురించి. డిప్ రాడ్‌తోనే నిల్వ చూసే బంకు ఒకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. ఉదయం షిఫ్టు మారే ముందు మూత తెరిచి, రాడ్ చివర నీరు తగిలితే రంగు మారే పేస్టు రాసి, నిదానంగా దింపి, పైకి తీసి, తడి గీత ఎక్కడుందో చూసి, చార్టులో లీటర్లు వెతుకుతారు. ఈ పద్ధతిని చిన్నచూపు చూడకండి. దీన్ని శ్రద్ధగా చేసే మనిషి ఉన్న బంకులోనే కొత్త పరికరం కూడా సరిగా నిలబడుతుంది.

అయితే దాని పరిమితి ఎక్కడుందో లెక్కవేసి చూడాలి. ట్యాంకు నేలలో అడ్డంగా పడుకోబెట్టిన పీపా. 2 మీటర్ల వ్యాసం, 6.4 మీటర్ల పొడవు ఉంటే సుమారు 20 వేల లీటర్లు పడుతుంది. సగం నిండినప్పుడు లోపలి పెట్రోలు పైతలం వెడల్పు 2 మీటర్లు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా అంటే 12.8 లీటర్లు. అడుగున 200 మిల్లీమీటర్లే మిగిలినప్పుడు ఆ వెడల్పు 1.2 మీటర్లకు తగ్గుతుంది, అదే మిల్లీమీటరుకు 7.7 లీటర్లే. పెట్రోలు తడి ఎండలో కళ్లముందే ఆరిపోతుంది కాబట్టి గీత చదవడంలో రెండు మిల్లీమీటర్లు తప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా సహజం. ట్యాంకు సగం ఉన్న రోజున ఆ రెండూ కలిసి పాతిక లీటర్లు. కాగితం మీద ఒకసారి మీరే వేసి చూడండి, చార్టు ఎందుకు వంకరగా నడుస్తుందో చేతికి అర్థమవుతుంది.

ఇప్పుడు ప్రోబ్, అంటే ట్యాంకులోని మట్టాన్ని తనంతట తానే కొలిచే పరికరం. నిలువుగా దిగే ఒక సన్నని గొట్టం, దాని మీద పైకీ కిందికీ జారే రెండు తేలే ఉండలు. పై ఉండ పెట్రోలు మట్టం మీద, కింది ఉండ అడుగున చేరే నీటి మీద నిలుస్తాయి. రెంటిలోనూ అయస్కాంతాలు ఉంటాయి. గొట్టం లోపలి తీగ గుండా విద్యుత్ స్పందన పంపగానే, అయస్కాంతం ఉన్న చోట తీగ అణువంత మెలిపడి ఒక అల పుడుతుంది. అది సెకనుకు సుమారు 2,800 మీటర్ల వేగంతో గొట్టం పైనున్న తలకట్టు దగ్గరికి చేరుతుంది. పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఒక మిల్లీమీటరుకు సెకనులో పది లక్షల వంతులో మూడో వంతు మాత్రమే. ఇంత సున్నితమైన కొలతను పక్కనే వెళ్లే పంపు మోటారు తీగ చెడగొట్టగలదని ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

బిగించే ముందు భద్రత. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, మూత తీసినా ట్యాంకు పైనున్న గుంతలోనే నిలిచి ఉంటుంది. అక్కడ పెట్టే ప్రతి వస్తువూ పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్నదే కావాలి. ప్రోబ్‌కు వెళ్లే విద్యుత్తు నిప్పురవ్వ పుట్టలేనంత తక్కువగా ఉండేలా ఆఫీసు గదిలో బారియర్ పెట్టెను పెడతారు. ఆ పెట్టెను దాటవేసి తాత్కాలికంగా కూడా తీగ కలపవద్దు. గుంతలో విడి అతుకులు వద్దు. పంపు లోపల తూనికలు కొలతల శాఖ వేసిన సీలు జోలికి మనం వెళ్లకూడదు. కొలిచే భాగాన్ని తాకే పని ఏదైనా ఉంటే తిరిగి ముద్ర వేయించే ఏర్పాటుతోనే చేయాలి.

బిగించిన రోజే డిప్ రాడ్‌ను మూలన పెట్టేయడం అన్నింటికంటే పెద్ద తప్పు. పదిహేను రోజుల పాటు రెండు కొలతలూ పక్కపక్కనే రాయించండి. తేడా ఎప్పుడూ ఒకటే, ఏ మట్టంలోనైనా ఆరు మిల్లీమీటర్లే అనుకోండి, ట్యాంకు కాస్త వాలి ఉంది లేదా ప్రోబ్ ఎత్తు సరిచూసుకోవాలి. ఆ సంఖ్యను సవరణగా వేస్తే సరిపోతుంది. మట్టం మారేకొద్దీ తేడా కూడా మారుతుంటే, ప్రోబ్ పలక మీద ముద్రించిన అల వేగం కంట్రోలరులో, అంటే ప్రోబ్ కొలతను లెక్కగట్టి చూపే పెట్టెలో, తప్పుగా ఎక్కిందేమో చూడండి. మిల్లీమీటర్లు కలిసి లీటర్లు మాత్రమే కలవకపోతే చార్టుదే లోపం.

తేడా ఉన్నట్టుండి గంతులేస్తే కేబుల్‌ను అనుమానించండి. టెక్కలి దాటాక హైవే పక్కన ఒక బంకులో నాకు ఇదే జరిగింది. వారం తిరక్కుండా పెద్దాయన మేనేజరు ఫోను చేశారు.

"బాబూ, మోటారు తిరిగినప్పుడల్లా మీ పెట్టెలో లెక్క ఎగురుతోంది. రాడ్ మాత్రం ఉన్నచోటే ఉంది."

"టైము రాసిపెట్టారా మేనేజరు గారూ?"

"రాశాను. మోటారు వేసింది, ఆపింది, రెండూ రాశాను."

ఆ కాగితం చూడగానే విషయం తేలిపోయింది. ప్రోబ్ కేబుల్, మోటారు కేబుల్ ఒకే పైపులో వెళ్తున్నాయి. ఆ పైపు మునుపెవరో వేసినదే అయినా, తెరిచి చూడకుండా కేబుల్ లాగించింది నేను. వేరే పైపు వేసిన రోజునుంచి అంకె కదలలేదు. ఆయన పెట్టిన ఆ "మోటారు" గడిని అప్పటినుంచి నా ప్రతి పట్టికలోనూ చేరుస్తున్నాను.

ఉష్ణోగ్రత సంగతి క్లుప్తంగా: పెట్రోలు ఒక్కో డిగ్రీకి నూటికి సుమారు 0.12 వంతు వ్యాకోచిస్తుంది. ఎండలో వచ్చిన లారీ 10 వేల లీటర్లు దింపాక అది 5 డిగ్రీలు చల్లబడితే 60 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. ఎవరినో అనుమానించే ముందు ప్రోబ్ చూపే ఉష్ణోగ్రత చదవండి.

నీటి ఉండ విషయంలో మాత్రం తొందర వద్దు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులోకి వాననీరు దిగితే మొదట అందులోనే కరిగిపోతుంది. మోతాదు మించాక ఇథనాల్, నీరు కలిసిన పొర విడిపోయి అడుగుకు చేరుతుంది. ఆ పొర స్వచ్ఛమైన నీటికంటే తేలిక కాబట్టి పాతరకం ఉండ దాని మీద తేలకపోవచ్చు, తెర మీద నీరు సున్నా అనే కనిపిస్తుంది. పాత పేస్టు కూడా దాన్ని సరిగా పట్టలేదు. కొనేటప్పుడే ఇథనాల్ పెట్రోలుకు పనికొచ్చే ఉండ, పేస్టు అని అడిగి తీసుకోండి. తుపాను వానలకు గుంతలు నిండే మన తీరంలో మూతల రబ్బరు వాషర్లు కూడా అదే రోజు మార్చించండి.

ఈ పాఠానికి అభ్యాసం: ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, రాడ్ మట్టం, ప్రోబ్ మట్టం, తేడా, ఉష్ణోగ్రత, నీరు, మోటారు అని ఎనిమిది గడులు గీసి పదిహేను రోజులు నింపండి. లారీ దిగిన రోజున దించకముందు ఒకసారి, దించి అరగంట ఆగాక ఒకసారి రాయండి. అయిదో పాఠంలో పాత పంపులను కొత్త కంట్రోలరుతో మాట్లాడించాలి, అందుకు ప్రతి పంపు పలక మీది మోడల్ సంఖ్య కూడా అదే పుస్తకం చివరి పేజీలో ఎక్కించుకోండి. బంకు పక్క దుకాణంలోని ఫ్రిజ్‌ల నియంత్రణ ఆరో పాఠంలో.