గృహ రుణానికి దరఖాస్తు: ముందుగా సిద్ధం చేసుకోవలసినవి స్థలం పత్రాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటి కోసం బ్యాంకు రుణం కోరేవారు చాలావరకు జీతం స్లిప్పులతో మొదలుపెడతారు. ఆ పత్రాలు వారం రోజుల్లో సమకూరుతాయి. నెలలు పట్టేది స్థలం కాగితాలకే. కనుక బయానా ఇవ్వకముందే అమ్మేవారి నుంచి దస్తావేజుల నకళ్లు తీసుకుని చూపించుకోవాలి.

అమ్మేవారి రిజిస్టర్డ్ దస్తావేజుతో పాటు దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లన్నీ అడగాలి. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది సాధారణంగా ముప్పై ఏళ్ల హక్కు చరిత్రను చూస్తారు. మధ్యలో ఎవరైనా మరణించి ఆస్తి వారసులకు సంక్రమించి ఉంటే, మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పంపకం జరిగి ఉంటే ఆ దస్తావేజు కూడా జతచేయవలసి వస్తుంది. కుమార్తెల సంతకాలు లేని పంపకాల దగ్గర ఫైలు ఆగిపోవడం మామూలే.

ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఈసీని (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) మీసేవలో గానీ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో గానీ తీసుకోవచ్చు. కంప్యూటర్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని పాత రికార్డులు వెతికించాలి. పాత దస్తావేజుల్లో జిల్లా పేరు వేరుగా కనిపిస్తే కంగారుపడనవసరం లేదు. ఉదాహరణకు కందుకూరు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులో ఉండి, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. అయితే రిజిస్టరు కాని ఒప్పందాలు, వీలునామాలు ఈసీలో కనిపించవు కాబట్టి దాన్ని మాత్రమే నమ్ముకోకూడదు.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందా లేదా అన్నది. పాత సెటిల్‌మెంటు రికార్డులో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టిన భూములు, ప్రభుత్వం పేదలకు డి-ఫారం పట్టా మీద ఇచ్చిన అసైన్డ్ భూములు ఇలాంటి చోటే బయటపడతాయి. అమ్మేవారు ‘త్వరలో తీసేస్తారు’ అంటే, తీసేసిన తరువాతే బయానా ఇవ్వడం క్షేమం. లేఅవుటుకు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) గానీ ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థ గానీ, పరిధిని బట్టి, ఇచ్చిన అనుమతి ఉత్తర్వు, ఇంటి ప్లాను మంజూరు, కట్టుకునేవారైతే ఇంజనీరు అంచనా పత్రం కూడా ఉండాలి.

ఆదాయం విషయానికొస్తే ఉద్యోగులకు జీతం స్లిప్పులు, ఫారం-16, బ్యాంకు స్టేట్‌మెంటు సరిపోతాయి. వ్యాపారులకు, రొయ్యల సాగుదారులకు ఆదాయపు పన్ను రిటర్నులే ఆధారం. ఆధార్, పాన్, దస్తావేజుల్లో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో చూసుకుని, తేడా ఉంటే ముందే సరిచేయించుకోవాలి.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు రుణం ఆస్తి విలువలో 90 శాతం మించకూడదు, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఆ విలువలో చేరవు గనుక, వాటికి చేతి సొమ్ము విడిగా పెట్టుకోవాలి.

మంజూరయ్యాక ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో తనఖాగా ఉంటాయి. అప్పగించేటప్పుడు ప్రతి పత్రం పేరు, నంబరు రాసిన జాబితా మీద బ్యాంకు సంతకం తీసుకోవాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో వాటిని తిరిగి ఇవ్వాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ 2023 డిసెంబరు 1 నుంచి నియమం ఉన్నా, ఏ పత్రాలు ఇచ్చామో చూపించేది ఆ జాబితాయే.