హార్డ్ డిస్క్ పోయాక విండోస్ మళ్ళీ ఎలా ఎక్కించానంటే

లాప్‌టాప్ ఆన్ చేస్తే లోపల్నించి టక్ టక్ అని చప్పుడు, తర్వాత బూట్ డివైస్ లేదని మెసేజ్. ఈ చప్పుడు వస్తుంటే దయచేసి మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ చెయ్యకండి, డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ అసలే వద్దు, డిస్క్ తిరిగేకొద్దీ మిగిలిన డేటా కూడా పోతుంది.

నేను ముందు లినక్స్ మింట్ (పెన్‌డ్రైవ్‌లోంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూశా, పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమైన భాగాలు) చూస్తుండగానే పెరుగుతున్నాయి, అంటే ఇక డిస్క్ పనైపోయినట్టే. వెంటనే పాడైన డిస్క్‌ల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే టూల్‌తో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) తీశా. అది బాగున్న భాగాలు ముందు కాపీ చేసేసి చెడిపోయినవి చివర్లో ట్రై చేస్తుంది, ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు ఇస్తే మధ్యలో ఆగినా అక్కణ్ణుంచే మొదలవుతుంది, నిజంగా బంగారం లాంటి టూల్. ఫొటోలు దాదాపు అన్నీ దక్కాయి, ఆ ఆనందం మాటల్లో చెప్పలేను.

తర్వాత పాత డిస్క్ బదులు వేరే కంప్యూటర్లోంచి తీసిన ఎస్ఎస్‌డి (తిరిగే భాగాలు లేని డిస్క్) బిగించా. విండోస్ సెటప్ అంతా బాగానే నడిచి పార్టిషన్ దగ్గర ఆగింది, డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంది, యూఈఎఫ్ఐకి (కంప్యూటర్‌ని బూట్ చేసే కొత్త తరహా ఫర్మ్‌వేర్) జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలంట. అక్కడే షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ విండో వస్తుంది, అందులో వరసగా ఈ కమాండ్లు కొట్టా: డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0 (నా ఎస్ఎస్‌డి నంబర్), క్లీన్, కన్వర్ట్ జీపీటీ. క్లీన్ డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది, అందుకే కొట్టేముందు సైజ్ చూసి అదే డిస్కా కాదా అని ఖాయం చేసుకోండి, బ్యాకప్ డ్రైవ్ పీకేసి ఉంచితే ఇంకా మంచిది.

సెటప్ ప్రాడక్ట్ కీ అడిగితే లేదని స్కిప్ చేసి, ఇంతకుముందు ఉన్న విండోస్ ఎడిషనే ఎంచుకున్నా, డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డ్‌ని బట్టి గుర్తుపడుతుంది కాబట్టి నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోయింది.