అమ్మ చిగుళ్లు బాగయ్యాక షుగర్ కూడా దిగింది

మా పర్లాకిమిడిలో అమ్మకు మందులు, పథ్యం సరిగ్గానే సాగుతున్నా షుగర్ దిగేది కాదు. పొద్దున్నే గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు రుద్దుకుని ఉమ్మితే నెత్తుటి చారలు. కింది పళ్లు రెండు కదిలేవి కూడా. చివరికి బరంపురంలో పళ్ల డాక్టరుకి చూపించాం. చిగుళ్లలో చీము, వాపు ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి అని ఆయన విడమరచి చెప్పారు.

చిగుళ్ల లోపలిదాకా గార తీయించాం. అది సులువే. గుడాఖు మాన్పించడానికే తల ప్రాణం తోకకొచ్చింది, పొగాకు అలవాటు కదా! రాత్రి పడుకోబోయే ముందు కూడా మెత్తటి బ్రష్‌తో తోముకోవడం అలవాటు చేశాం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 7.9కి వచ్చింది. మాత్రలు మాత్రం ఆపలేదు, ఆపకూడదు కూడా.