ఋతువును బట్టి వండే చిన్న హోటల్లో భోజనం: ఏమి అడగాలి, ఎలా తినాలి

గోదావరి డెల్టాలోని అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నర్సాపురం వంటి ఊళ్ళలో బజారు పక్కనో కాలువ గట్టు మీదో నడిచే చిన్న భోజన హోటళ్ళలో కొన్ని, ఆ ఉదయం చుట్టుపక్కల లంకల నుంచి, చెరువుల నుంచి వచ్చిన సరుకునే మధ్యాహ్నానికి వండి వడ్డిస్తాయి. అటువంటి చోట గోడ మీది పట్టికను నమ్ముకోకుండా, ఆకు ముందు కూర్చునే లోపే "ఇవాళ కూరలేంటండీ?" అని అడగడం మంచిది. యజమాని రెండు మూడు పేర్లు చెప్పి ఆగిపోతే ఆ వంట ఆ పూటదేనని చాలావరకు నమ్మవచ్చు. ఏ కాలంలో ఏది అడిగినా ఉందనే హోటల్లో కడుపు నిండుతుంది కానీ, ఆ నేల రుచి మాత్రం దొరకదు.

ఏ నెలలో ఏమి అడగాలో తెలిసి వెళితే సగం పని అయినట్లే. శీతాకాలం చివరి నుంచి వేసవి మొదటి వరకు లేత పనసకాయ కాలం కాబట్టి అప్పుడు పనసపొట్టు కూర అడగండి. దానికి ప్రాణం ఆవ. నూరిన ఆవముద్దను పొయ్యి దింపిన తరువాతే కలపాలి. మంట మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. మొదటి ముద్దకే ఆవ ఘాటు ముక్కుకు తగిలి, నాలుక మీద చేదు మిగలకపోతే వంటవారికి చేయి తిరిగిందని గ్రహించవచ్చు. ఎండలు ముదిరేసరికి చింతచిగురు, మామిడికాయ పప్పు వస్తాయి. చింతచిగురును పప్పులో కన్నా రొయ్యలతో తినడమే నాకు ఇష్టం. కార్తీకమాసంలో చాలా ఇళ్ళలో నీసు మానేస్తారు కనుక హోటళ్ళలో కూడా కూరగాయల వంటకు శ్రద్ధ పెరుగుతుంది. కంద బచ్చలి కూర, ఆవపెట్టిన అరటికాయ కూర తినడానికి అంతకన్నా మంచి సమయం లేదు.

చేపల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవలతో సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో చందువా ఉందని చెబితే అది చిన్న పడవల వారు తెచ్చినదా, ఐసులో నిల్వ ఉన్నదా అని మర్యాదగా అడిగి తెలుసుకోండి. సందేహంగా ఉంటే చెరువు చేపకే మొగ్గు చూపండి. భీమవరం పరిసరాల చెరువుల వల్ల శీలావతి, బొచ్చె, రొయ్యలు ఏడాది పొడవునా దొరుకుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో యానాం వైపు వెళితే చీరమేను (సన్నని చేపపిల్లలు) గురించి తప్పక అడగండి; అది కొద్ది రోజులే దొరుకుతుంది, వచ్చిన రోజే అయిపోతుంది.

ఇక పులస. గోదావరికి ఎర్రనీరు తగిలే జులై నుంచి సెప్టెంబరు వరకు ఈ చేప సముద్రం వదిలి నదికి ఎదురీదుతుంది. 1852లో పూర్తయిన ఆనకట్ట నాటి నుంచి దాని దారి దాదాపుగా ధవళేశ్వరం వద్దే ఆగిపోతోంది. దొరికేది తక్కువ, కోరేవారు ఎక్కువ కాబట్టి ముందు రోజే ఫోను చేసి చెప్పడం అవసరం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత విని తొందరపడకుండా, ధర ముక్క లెక్కనా చేప లెక్కనా, జనతో (గుడ్లతో) ఉన్న చేపకు వేరే ధర ఉందా అన్నది ముందే తేల్చుకోండి. అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సముద్రంలో పట్టి ఐసులో తెచ్చిన విలసను (నదికి ఎక్కని ఇదే చేపను) పులస పేరుతో వడ్డించేవారూ ఉన్నారు గనుక, చేప ఏ రేవు నుంచి వచ్చిందో చెప్పగలిగిన హోటలునే ఎంచుకోవాలి. మట్టి దాకలో సన్నని సెగ మీద కాచి, ఒక రాత్రి ఊరనిచ్చిన పులుసు ఉంటే అదే అడగండి. అప్పటికి పులుపు, కారం ముక్క లోపలికి దిగుతాయి. పులసకు సన్నని ముళ్ళు చాలా ఎక్కువ. అందువల్ల ముక్కను అన్నంలో కలిపేయకుండా ఆకు మీద విడిగా పెట్టుకుని, కొద్దికొద్దిగా విడదీసి, వేళ్ళతో నలిపి చూసి, చేతికి తగిలిన ముల్లును ఆకు అంచున పెట్టుకుంటూ తినాలి. అన్నంలోకి పులుసు ఒక్కటే కలుపుకోండి. పిల్లలకు పెట్టేటప్పుడు పెద్దవారే ముళ్ళు తీసి ఇవ్వాలి.

పన్నెండున్నర లోపు చేరుకోవడం మంచిది. రెండు దాటితే మంచి కూరలు అడుగంటుతాయి. పప్పులో నెయ్యి, ఆవకాయ కలుపుకుని మొదలుపెట్టి, తరువాత కూర, ఆ తరువాత పులుసు, చివరకు గడ్డపెరుగు అన్న వరుస ఇక్కడ అలవాటు. మొదటి వడ్డనలోనే పప్పుతో కడుపు నింపుకోకుండా పులుసుకు చోటు ఉంచుకోండి. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి రకం ఈ డెల్టా చేలల్లో దశాబ్దాలుగా పండుతోంది. ఇక్కడి బియ్యమే వండే హోటలైతే, సంక్రాంతి దాటిన కొత్తల్లో అన్నం పాత బియ్యంతో వండారా అని ఒక మాట అడగవచ్చు, ఎందుకంటే కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. వడ్డించేవారు మారు వేయబోతే చేయి అడ్డం పెట్టి "చాలండీ" అంటే సరిపోతుంది. ఆకులో వదిలేయడం మాత్రం వారిని బాధిస్తుంది.

ఇంటికి పులుసు తీసుకువెళ్ళదలిస్తే స్టీలు క్యారియర్ వెంట తెచ్చుకోండి. వేడి పులుసును ప్లాస్టిక్ సంచిలో కట్టించుకోవడం ఆరోగ్యానికీ రుచికీ మంచిది కాదు. భోజనం అయ్యాక బల్ల మీద చక్కెరకేళి గెల వేలాడుతుంటే ఒక పండు తిని, రేపు ఏ కూర వండుతారో అడిగి బయలుదేరండి.