పాలిమర్ సైన్స్: పాలిస్టర్‌తో మొదలుపెడితే మిగతాది సులువు

టెక్స్‌టైల్ బీటెక్‌లో పాలిమర్ సైన్స్ అనగానే చాలామంది ఫైబర్లన్నిటికీ ఒక పట్టిక గీసి అంకెలు బట్టీ పడతారు. పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి నైలాన్ అంకె పాలిస్టర్‌కీ, పాలిస్టర్‌ది పాలీప్రొపిలీన్‌కీ అంటుకుంటాయి. అలా కాకుండా మొదటి రెండు వారాలూ పాలిస్టర్ ఒక్కదాన్నే పట్టుకోండి. మిగతావాటిని దానితో తేడా ఏమిటి అని అడుగుతూ చదవండి.

తెల్లకాగితం మీద పాలిస్టర్ గురించి రాయాల్సింది కాస్తే. రిపీట్ యూనిట్ (గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) బరువు 192. గొలుసులో బెంజీన్ రింగు ఉంది, గొలుసు బిరుసు, కాబట్టి టీజీ (గట్టి పాలిమర్ మెత్తబడటం మొదలయ్యే ఉష్ణోగ్రత) 70–80 డిగ్రీల దాకా ఉంటుంది. కరిగేది 260 దరిదాపుల్లో. నీటిని పట్టుకునే గ్రూపులు తక్కువ, కాబట్టి తేమ 0.4 శాతమే. అయాన్ రంగులు అంటుకునే చోటు లేదు, కాబట్టి డిస్పర్స్ డై (నీటిలో కరగకుండా సన్నని రేణువులుగా ఉండే రంగు), అదీ 130 డిగ్రీల దగ్గర ఒత్తిడితో. ప్రతి అంకె పక్కనా ఒక ‘కాబట్టి’ రావాలి. రాలేదంటే ఆ అంకె ఇంకా మీది కాలేదు.

ఇప్పుడు తేడాలు. నైలాన్ 6లో అమైడ్ గ్రూపులుంటాయి, అందుకే తేమ 4 శాతం పైన. చివర్లలో అమీన్ ఉంది కనుక యాసిడ్ డై పడుతుంది. పాలీప్రొపిలీన్‌కి ఏ గ్రూపూ లేదు. రంగును కరిగిన పాలిమర్‌లోనే కలపాలి. కాటన్ కరగదు, కరగకముందే మాడిపోతుంది.

లెక్కల్లో మార్కులు పోయేది కారోథర్స్ సమీకరణం దగ్గర, అంటే ఒక గొలుసులో సగటున ఎన్ని మోనోమర్లు (గొలుసు కట్టే చిన్న అణువులు) చేరాయో చెప్పే చోట. సూత్రం అందరికీ వస్తుంది: 1ని (1 − కన్వర్షన్)తో భాగించాలి, కన్వర్షన్ అంటే చర్య ఎంత పూర్తయిందో. 98 శాతానికి 50, 99కి 100, 99.5కి 200. చివరి అర శాతం కోసం ప్లాంటులో వ్యాక్యూమ్ పెట్టి అంత తంటాలు ఎందుకు పడతారో ఇక్కడే తెలుస్తుంది. పొరపాటు జరిగేది తర్వాతి అడుగులో, ఆ సంఖ్య నుంచి మాలిక్యులర్ వెయిట్ కట్టేటప్పుడు. పాలిస్టర్‌లో రెండు మోనోమర్లు కలిసి ఒక రిపీట్ యూనిట్ అవుతాయి కనుక గుణించాల్సింది 192తో కాదు, సగం 96తో. 200 × 96 = 19,200. 192 పెడితే జవాబు రెట్టింపవుతుంది. నైలాన్ 6కి మోనోమర్ ఒక్కటే, అక్కడ 113 అలాగే వాడాలి.

ఒక్క లెక్క మాత్రం చూడకుండా చేయగలిగే దాకా చేయండి. చిప్స్‌ని (దారం తీయడానికి కరిగించే పాలిమర్ గింజల్ని) ఎందుకు ఎండబెడతారు? ఒక కిలో పాలిస్టర్ చిప్స్ తీసుకోండి, సగటు మాలిక్యులర్ వెయిట్ 20,000. అంటే గొలుసులు 1000 ÷ 20,000 = 0.05 మోల్. ఎండబెట్టకపోతే అందులో 0.4 శాతం, అంటే 4 గ్రాముల నీరు, 0.222 మోల్. 280 డిగ్రీల దగ్గర ఒక్కో నీటి అణువు ఒక్కో ఎస్టర్ బంధాన్ని తెంచుతుంది. నీరంతా అలా ఖర్చయితే గొలుసుల సంఖ్య 0.272 మోల్‌కి పెరిగి సగటు దాదాపు 3,700కి పడిపోతుంది. స్పిన్నరెట్ (కరిగిన పాలిమర్ దారంగా బయటికొచ్చే సన్నని రంధ్రాల పళ్లెం) కింద దారం సాగదు, తెగి బొట్లుగా పడుతుంది. అదే 50 పీపీఎమ్ (పది లక్షల్లో 50 వంతులు) దాకా ఎండబెడితే నీరు 0.05 గ్రాములే, సగటు సుమారు 18,900 దగ్గర నిలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కు: కొత్త చిప్స్ అమార్ఫస్‌గా, అంటే గొలుసులు క్రమం లేకుండా ఉంటాయి. వాటిని కదపకుండా ఒకేసారి 160 డిగ్రీలకు తీసుకెళితే టీజీ దాటగానే మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని డ్రయ్యర్‌లో గడ్డ కడతాయి. అందుకే ముందు కలుపుతూ క్రిస్టలైజ్ చేసి (గొలుసుల్ని క్రమంలోకి తెచ్చి), ఆ తర్వాతే ఎండబెడతారు.

టీజీని చేత్తో చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. దర్జీ షాపులో పాలిస్టర్ లైనింగ్ ముక్కలు రెండు అడగండి. రెండింటినీ గట్టిగా నలిపి దారంతో కట్టండి. ఒకటి 50 డిగ్రీల నీళ్లలో, ఇంకొకటి మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, కట్టు విప్పకుండా చల్లార్చండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మన పనికి అది చాలు. రెండో ముక్కలో ముడతలు గట్టిగా నిలిచిపోతాయి. విప్పి చల్లారిస్తే ప్రయోగం చెడుతుంది, ముడత స్థిరపడేది చల్లారేటప్పుడే. డైయింగ్ మెషీన్‌లో వేడి నీళ్లు ఒక్కసారిగా వదిలేస్తే గుడ్డ మీద పడే చారలకు కారణం కూడా ఇదే.

తేలే పరీక్ష ఇంకా తేలిక. కూరగాయలు తెచ్చుకునే నాన్‌వోవెన్ సంచీ చాలావరకు పాలీప్రొపిలీనే, సాంద్రత 0.91, నీటి మీద తేలుతుంది, పాలిస్టర్ 1.38, మునగాలి. మునగకపోతే పోగుల మధ్య గాలి చిక్కుకుంది. ఒక చుక్క సబ్బునీళ్లు వేసి వేళ్లతో నొక్కండి.

పుస్తకాలకి కోఠి సెకండ్‌హ్యాండ్ షాపులు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ చాలు. పాలిమర్ కెమిస్ట్రీకి పాత ఎడిషన్ అయినా నష్టం లేదు. స్పిన్నింగ్ వేగాలకి మాత్రం వాటిని నమ్మకండి: నిమిషానికి 1,000 మీటర్ల దగ్గర ఆగిన పుస్తకాలు ఇంకా దొరుకుతాయి, పీఓవై (పాక్షికంగా సాగదీసిన దారం) పాలిస్టర్ 3,000 దాటి చాలాకాలమైంది.