వేట బాణం బ్రాడ్‌హెడ్ ఎంత గట్టిదో ఇంటి దగ్గరే పరీక్షించడం ఎలా?

ప్యాకెట్ మీద ఎంత గొప్పగా రాసి ఉన్నా, ఎముక తగిలినప్పుడు బ్రాడ్‌హెడ్ (బాణం ముందు బిగించే పదునైన బ్లేడ్ల ములికి) నిలుస్తుందో లేదో ముందే చూసుకోవాలి. బ్లేడు వంగిపోయినా, ఊడిపోయినా బాధ పడేది జంతువు. పరీక్ష అనగానే చాలామంది బాణం ఎంత లోతుకు దిగిందా అని చూస్తారు. నేనైతే బయటికి తీశాక ములికి ఎలా ఉందో చూస్తాను.

ఒకే మోడల్‌వి మూడు తీసుకోండి. రెండు పరీక్షకు, మూడోది పోల్చుకోవడానికి అలాగే ఉంచాలి. చుట్టూ ఇళ్లున్న చోట, విల్లు వాడటానికి అనుమతి లేని చోట ఈ పని పెట్టుకోవద్దు. టార్గెట్ వెనక వెడల్పాటి మట్టి గట్టు, మీ కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. ములికిని చేత్తో కాకుండా బ్రాడ్‌హెడ్ రెంచ్‌తోనే బిగించండి. కాంక్రీటు మీద, ఇనుప రేకు మీద కొట్టే వీడియోలు చూసి అలా చేయకండి. బాణం తిరిగి మీ మీదికే రావచ్చు.

1. ముందు స్థితి రాసి పెట్టుకోండి. ములికి బరువును గ్రెయిన్లలో చెబుతారు. 100 గ్రెయిన్ల ములికి దాదాపు 6.5 గ్రాములు, 125 గ్రెయిన్లది 8.1 గ్రాములు తూగాలి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తర్వాత బాణాన్ని ములికి మొనపై నిలబెట్టి బొంగరంలా తిప్పండి. ములికి, షాఫ్ట్ (బాణం కాడ) కలిసే చోట ఊగుతోందంటే కొత్తగా ఉన్నప్పుడే వంకర ఉందన్నమాట.

2. పదును చూడండి. చెక్క మీద రెండు మేకులు కొట్టి, రబ్బరు బ్యాండు బిగుతుగా తగిలించండి. మంచి అంచు ఆనించి కొద్దిగా జరిపితే చాలు, బ్యాండు తెగిపోతుంది. నొక్కాల్సి వస్తే పదును తక్కువ.

3. మెత్తని దాంతో మొదలుపెట్టండి. బ్రాడ్‌హెడ్‌కు పనికొచ్చే ఫోమ్ టార్గెట్‌లోకి అయిదుసార్లు వేసి, మళ్లీ రబ్బరు బ్యాండు పరీక్ష చేయండి. తెరుచుకునే రకం మెకానికల్ ములికి అయితే ముందు ఒక అట్ట నిలబెట్టండి. అట్టకు పడిన కోత వెడల్పు కొలిస్తే బ్లేడ్లు పూర్తిగా విచ్చుకున్నాయో లేదో తెలిసిపోతుంది.

4. ఇప్పుడు ప్లైవుడ్. 12 మిల్లీమీటర్ల పలకను ఫోమ్ ముందు గట్టిగా బిగించండి. వదులుగా ఉంటే దెబ్బ తీవ్రతను పలకే మింగేస్తుంది. 18 మీటర్ల దూరం నుంచి ఒకసారి నేరుగా వేయండి. రెండో ములికికి పలకను కొంచెం ఏటవాలుగా పెట్టి వేయండి. బలహీనతలు ఇక్కడే బయటపడతాయి. పక్క నుంచి పడే ఒత్తిడి ఫెరూల్‌ను (బ్లేడ్లు అమరి ఉండే ములికి నడుమ భాగాన్ని) వంచుతుంది, బ్లేడ్లను పట్టి ఉంచే రింగును విరగ్గొడుతుంది. ప్లైవుడ్ ఎముక కాదు, నిజమే. కానీ రెండు మోడళ్లను ఒకే పలక మీద, ఒకే విల్లుతో, ఒకే బరువు బాణాలతో పోల్చడానికి అది చాలు. పలకలో ఇరుక్కున్న బాణాన్ని పట్టుకుని లాగకండి. షాఫ్ట్‌ను మర తిప్పి విడదీసి, చెక్క చీల్చి ములికిని బయటికి తీయండి. లాగేటప్పుడు వంగిన బ్లేడు, దెబ్బకు వంగిన బ్లేడులాగే కనిపించి మోసం చేస్తుంది.

5. తీరిగ్గా పరిశీలించండి. దూది పుల్లను అంచు వెంట మెల్లగా రుద్దండి. కంటికి కనపడని మడత ఉంటే దూది పోగులు అక్కడ చిక్కుకుంటాయి. అంచు మడత పడిందంటే ఉక్కు మెత్తనిదో, అంచు మరీ పలచనిదో. పెచ్చు లేచిందంటే లోహం పెళుసుగా ఉండి ఉండవచ్చు. నాకు పెచ్చు కన్నా చిన్న మడతే నయం, ముక్క లోపల ఉండిపోదు కదా.

ఆ తర్వాత మళ్లీ బొంగరంలా తిప్పండి. ఊగితే వెంటనే ములికిని తప్పుపట్టకండి. మొదట్లో నేను ఒక మంచి ములికిని అలాగే పక్కన పడేశాను. తీరా చూస్తే వంకర ఇన్సర్ట్‌ది, అంటే షాఫ్ట్ చివర ములికిని మర బిగించే చిన్న ముక్కది. అదే ములికిని కొత్త బాణానికి బిగించి తిప్పితే తేడా ఎక్కడుందో తేలిపోతుంది.

ప్లైవుడ్‌ను కొట్టిన కార్బన్ షాఫ్ట్‌ను చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచి చూడండి. చిటపటమన్నా, చీలిక కనిపించినా విరిచి పారేయండి. అలాంటిది వదిలేటప్పుడు చేతిలోనే పగలవచ్చు. వంగిన బ్లేడును సుత్తితో సరిచేసి మళ్లీ వాడొద్దు. పరీక్షకు వాడిన ములికులను టేపు చుట్టి, మూత ఉన్న డబ్బాలో వేసి పారేయండి. వేటకు కొత్తవే తీసుకెళ్లండి.