బాక్స్‌వుడ్ పొద లోపల కూడా పచ్చగా ఉండాలంటే

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఇల్లు కొన్నవాళ్లకు గుమ్మానికి అటూ ఇటూ, కిటికీల కింద వరసగా గుండ్రటి పచ్చని పొదలు ఇంటితోపాటే వస్తాయి. వాటిలో చాలావరకు బాక్స్‌వుడ్‌లే. మంచు పడ్డా ఆకు రాల్చదు, జింకలు సాధారణంగా ముట్టవు, సగం నీడలోనూ బతుకుతుంది, ఏడాదికి కొన్ని అంగుళాలే పెరుగుతుంది. తీరుగా చూసుకుంటే మనుషుల కంటే ఎక్కువ కాలం బతికే పొద ఇది. అలాంటిది పదేళ్లకే గోధుమరంగుకి తిరిగిందంటే సాధారణంగా మూడు చోట్ల చూడాలి: లోతుగా పాతారా, ఆకుల మీద నీళ్లు కొడుతున్నారా, ఏటా పైపైన నున్నగా గొరిగేస్తున్నారా. మూడోది చాలా పొదల్ని దెబ్బతీస్తుంది, అందుకే కత్తిరింపు గురించి కింద ఎక్కువ చెప్పాం.

ముందు, మీ దగ్గరున్నది బాక్స్‌వుడ్ అవునో కాదో చూసుకోండి. జపనీస్ హోలీ దూరం నుంచి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఒక రెమ్మ తుంచి చూడండి. బాక్స్‌వుడ్‌కి ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా వస్తాయి, అంచు నున్నగా ఉంటుంది, చాలా ఆకుల కొసన చిన్న నొక్కు కనిపిస్తుంది. హోలీకి ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి, అంచున సన్నటి పళ్లుంటాయి. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, హోలీకి ఆమ్లపు నేల కావాలి, బాక్స్‌వుడ్‌కి అది పడదు. ఒకదానికి చెప్పిన ఎరువు రెండోదానికి వేస్తే నష్టమే.

అడవిలో ఇది ఎక్కడ పెరుగుతుందో తెలిస్తే తోటలో ఎక్కడ పెట్టాలో సగం తెలిసినట్టే. యూరప్‌లో మామూలు బాక్స్‌వుడ్ (బక్సస్ సెంపర్వైరెన్స్) ఎక్కువగా సున్నపురాతి కొండవాలుల్లో, పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని సర్రీలో బాక్స్ హిల్ అనే సుద్దకొండకు ఆ పేరు ఈ చెట్ల వల్లే వచ్చింది. మన హిమాలయాల్లోనూ దీని చుట్టం ఒకటుంది, బక్సస్ వాలిచియానా. దాన్ని అక్కడ చిక్రి అంటారు, జమ్మూలోని రాజౌరిలో ఆ కర్రతో దువ్వెనలు చేస్తారు. బాక్స్‌వుడ్ కర్ర నీళ్లలో మునిగేంత బరువైనది, దాని పోగు చాలా సన్నం. అందుకే ఒకప్పుడు పుస్తకాల్లో బొమ్మలు అచ్చువేసే చెక్క దిమ్మలు దీంతోనే చెక్కేవారు. మనకు కావలసిన సంగతి ఏమిటంటే, కొండవాలులో నీళ్లు నిలవవు, సున్నపునేల పులుపెక్కదు, పెద్ద చెట్టు మధ్యాహ్నపు ఎండను ఆపుతుంది. ఈ మూడూ ఇంటి ముందు దొరికేలా చూడాలి. మన తెలుగు ఊళ్ల ఎండాకాలం దీనికి సరిపడదు. హైదరాబాదులో ఇలాంటి కత్తిరించిన ఆకారం కావాలనుకునేవాళ్లకు ఫైకస్ పాండా, డ్యురాంటా, నాగగోలుగు నయం.

రకం ఎంచుకోవడం

నర్సరీలో ఒకటిన్నర అడుగున్న మొక్కను చూసి కొనకండి, చీటీ మీద రాసిన పూర్తి ఎదుగుదల చూసి కొనండి. గ్రీన్ వెల్వెట్ గుండ్రంగా మూడు, మూడున్నర అడుగుల దాకా వస్తుంది, కిటికీ కిందకు సరిపోతుంది. గ్రీన్ మౌంటెన్ కోసుగా ఐదడుగులు లేస్తుంది, గుమ్మం పక్కన నిలబెట్టడానికి అది. సఫ్రూటికోసా అనే పాత పొట్టి రకాన్ని ఇంగ్లిష్ బాక్స్‌వుడ్ అంటారు. వర్జీనియాలోని పాత తోటల అందమంతా దానిదే, కానీ బాక్స్‌వుడ్ బ్లైట్ తెగులుకు అందరికంటే ముందు లొంగేదీ అదే. ఆ ఆకు వాసన కొందరికి పిల్లి మూత్రంలా తగులుతుంది కూడా. కొత్తగా నాటేవాళ్లు న్యూజెన్ ఇండిపెండెన్స్, న్యూజెన్ ఫ్రీడమ్ లాంటి, తెగులును బాగా తట్టుకునే రకాలు అడిగి తీసుకోవడం మంచిది. ధర కాస్త ఎక్కువైనా తర్వాత మందుల ఖర్చు మిగులుతుంది.

నాటడం

సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా మంచి అదను. నేల ఇంకా వెచ్చగా ఉండి వేళ్లు పట్టుకుంటాయి. ముందు అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి గంట చూడండి. గంటకు అంగుళమైనా దిగకపోతే అక్కడ నాటొద్దు, లేదా ఆరేడు అంగుళాలు మట్టి ఎత్తు చేసి నాటండి. నేల పులుపును కొలిచే పీహెచ్ 6.5 నుంచి 7.2 మధ్య ఉండాలి. సాగు సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో తక్కువ ఖర్చుతో మట్టి పరీక్ష చేయిస్తారు. అది చూడకుండా సున్నం చల్లొద్దు.

గుంట వేరుగడ్డకు రెండింతలు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం గడ్డ ఎత్తు కంటే అంగుళం, రెండంగుళాలు తక్కువ. నర్సరీ కుండీల్లో తరచుగా కాండం మొదలు మీద రెండంగుళాల మట్టి పేరుకుని ఉంటుంది. దాన్ని వేళ్లతో గీకేసి, కాండం వెడల్పై వేరుగా చీలే చోటు కనిపించాకే ఎత్తు కొలవండి. కుండీ గోడ వెంట చుట్టుకుపోయిన వేళ్లను కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా కొయ్యండి. గోనెగుడ్డలో వచ్చిన మొక్కైతే గుంటలో దించాక పైసగం గుడ్డ, తాళ్లు, తీగ కోసి తీసేయండి. తవ్విన మట్టినే తిరిగి వేయండి. గుంటలో మాత్రమే కంపోస్టు కుక్కితే వేళ్లు అక్కడే తిరుగుతాయి, జిగటమట్టిలో అయితే ఆ గుంట నీటితొట్టి అయి కూర్చుంటుంది. గోడకు కనీసం రెండడుగులు దూరం ఉంచండి, పైకప్పు నీళ్లు దిగే గొట్టం కింద అసలు పెట్టొద్దు.

మొదలు చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు లాంటి పొర (మల్చ్) రెండంగుళాలు చాలు. కాండానికి మూడంగుళాల దూరంలో ఆపాలి. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పొద కింద గొప్పు తవ్వకూడదు, కలుపు చేత్తో పీకాలి. మొదటి రెండేళ్లు వాన లేని వారాల్లో అంగుళం వానకు సరిపడా నీళ్లు మొదట్లోకే పెట్టండి. పచ్చిక కోసం పెట్టిన స్ప్రింక్లర్ పొద మీద పడుతుంటే దాని తల తిప్పెయ్యండి. నవంబరులో నేల గడ్డకట్టే ముందు ఒకసారి బాగా తడపండి. చలికాలపు ఎండగాలికి ఆకు నీరు వదులుతూనే ఉంటుంది, గడ్డకట్టిన నేల నుంచి వేరు తీసుకోలేదు. మార్చిలో పొద దక్షిణం, పడమర వైపు రాగిరంగుకి తిరగడానికి తరచుగా ఇదే కారణం. ఎరువు మట్టి పరీక్ష చెబితేనే వేయండి.

కత్తిరింపు

కరెంటు కత్తెరతో ఏటా పైపైన కత్తిరిస్తే కోసిన ప్రతి కొస దగ్గరా రెండు మూడు చిగుళ్లు లేస్తాయి. కొన్నేళ్లకు పైన రెండంగుళాల మందం ఆకుపొర, లోపల బోడి కొమ్మలు మిగులుతాయి. వెలుతురు లోపలికి పోదు, వానతడి ఆరదు, రాలిన ఆకు కొమ్మల మధ్యే కుళ్లుతుంది. తెగుళ్లకు కావలసింది సరిగ్గా అదే.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో, పొద పూర్తిగా పొడిగా ఉన్న రోజు చేత్తో పట్టే కొమ్మల కత్తెర (ప్రూనర్) తీసుకోండి. ముందు దాని అలుగులను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి, పొదకూ పొదకూ మధ్య మళ్లీ తుడవండి. ఇప్పుడు పైన గుబురుగా ఉన్న ఒక రెమ్మను పట్టుకుని, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లోపలికి చెయ్యి పోనిచ్చి, అది లావు కొమ్మను కలిసే చోట కొయ్యండి. పిడికిలి పట్టేంత కంత పడుతుంది. జానెడు, రెండు జానల దూరంలో ఇంకోటి. అలా పొద చుట్టూ తిరగండి. ఆకులో పదో వంతుకు మించి తియ్యక్కర్లేదు. పని అయ్యాక పైనుంచి చూస్తే లోపలి కొమ్మలు అక్కడక్కడా కనిపించాలి, రెండడుగుల దూరం నుంచి కోసినట్టే తెలియకూడదు. ఆ వేసవిలో బోడిగా ఉన్న లోపలి కొమ్మల మీద చిన్న చిన్న చిగుళ్లు వస్తాయి. రేపు ఏ కొమ్మైనా చచ్చిపోతే ఆ ఖాళీ పూడ్చేవి అవే. వర్జీనియాలో ఈ పని డిసెంబరులోనే చేసి, కోసిన రెమ్మలను క్రిస్మస్ దండలకు వాడుకుంటారు.

కచ్చితమైన ఆకారం కావాలంటే పైకత్తిరింపు కూడా చేసుకోవచ్చు, కానీ ఏడాదికి ఒకసారే, మే చివర లేదా జూన్‌లో, కొత్త ఆకు లేత రంగు పోయి గట్టిపడ్డాక. మబ్బు రోజు చూసుకోండి. ఎండ ఎరుగని లోపలి ఆకు ఒక్కసారి బయటపడితే మాడుతుంది. హెడ్జ్ అయితే కింది భాగం వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉండాలి. పైన వెడల్పైతే కింది ఆకు నీడకు రాలిపోతుంది. ఆగస్టు సగం దాటాక కత్తెర పట్టొద్దు, అప్పుడొచ్చే చిగురు ముదరకుండానే మంచుకు దొరుకుతుంది. తోటపని మనుషుల్ని పిలిచేవాళ్లు వాళ్ల కత్తెరలు మీ కళ్లముందే తుడిపించండి. పొద్దున ఏ తెగులు తోటలో పని చేసి వచ్చారో మనకు తెలియదు.

బాగా పెరిగి కిటికీ మూసేసిన పొదను ఒక్కసారే సగానికి నరక్కండి. ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు ఇంకో పక్క, మూడో ఏడు పైభాగం తగ్గించండి.

గోధుమరంగు కనిపిస్తే

పడిన ఆకు, నిలిచిన ఆకు చూడటంతో మొదలుపెట్టండి. ఒకటి రెండు కొమ్మలు గడ్డిరంగుకి తిరిగి, ఆకులు ఊడకుండా అతుక్కుని ఉండి, ఆకు అడుగున లేత గులాబీరంగు బూజు ఉంటే అది వాల్యుటెల్లా అనే శిలీంధ్రపు తెగులు. ఎండిన కొమ్మలు పొడిరోజు కోసి, పొదను పలచన చేస్తే చాలావరకు కోలుకుంటుంది. ఆకులు దొప్పలా ముడుచుకుంటే సిల్లిడ్ పురుగు, దానికి మందు అక్కర్లేదు, కొసలు తుంచితే సరి. ఆకు పొక్కిపోయి ఉబ్బితే దాన్ని వెలుతురుకు పట్టి చూడండి. లోపల పసుపుపచ్చ పురుగులు కదులుతుంటే లీఫ్‌మైనర్. దాని దోమలాంటి నారింజరంగు పురుగులు ఏప్రిల్ చివర, మే నెలలో బయటికొస్తాయి కాబట్టి అంతకుముందే పొక్కిన కొసలు కత్తిరించి చెత్తసంచిలో కట్టి పారేయండి. ఏప్రిల్‌లో బాక్స్‌వుడ్ పూతకు తేనెటీగలు వాలతాయి, పూత ఉండగా ఏ పురుగుమందూ కొట్టొద్దు.

పొద మొత్తం కళ తప్పి, మొదట్లో బెరడు గోటితో గీరితే ఊడివస్తే అది వేరుకుళ్లు. నీరు నిలిచే చోట వస్తుంది, నయం కాదు. మొక్క తీసేసి, నీరు పోయే దారి చేయకుండా అక్కడే ఇంకోటి నాటకండి.

అసలు భయపడవలసింది బ్లైట్‌కి. యూరప్‌లో 1990ల నుంచీ ఉన్న ఈ శిలీంధ్రం అమెరికాలో 2011లో నార్త్ కరొలైనా, కనెటికట్‌లలో బయటపడింది. ఆకు మీద ముదురు గోధుమ మచ్చలు, పచ్చి రెమ్మల మీద నల్లటి నిలువు గీతలు, తర్వాత కింది నుంచి పైకి జలజలా ఆకు రాలడం దీని గుర్తులు. 65 నుంచి 77 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో ఆకు కొన్ని గంటలు తడిగా ఉంటే చాలు, వారంలో పొద బోడి కావచ్చు. అనుమానముంటే నల్లగీతలున్న రెమ్మను తడి పేపర్ టవల్‌తో జిప్ సంచిలో పెట్టి, గదిలో రెండు మూడు రోజులు ఉంచండి. ఆకు అడుగున, గీతల మీద తెల్లటి నూగు లేస్తే దాదాపు బ్లైటే. ఆ సంచినే మూసి ఉంచి ఎక్స్‌టెన్షన్ వాళ్ల ల్యాబుకు పంపి ఖాయం చేసుకోండి.

దీన్ని నయం చేసే మందు లేదు. క్లోరోథాలోనిల్ లాంటి శిలీంధ్రపు మందులు ఆరోగ్యంగా ఉన్న పొదకు ముందుగా కొడితే కాపాడతాయి, సోకినదాన్ని బాగుచేయవు. సోకిన పొదను పొడిరోజు అక్కడే రెండు సంచుల్లో కుక్కి కట్టండి, రాలిన ఆకంతా ఏరండి, కంపోస్టులో వేయొద్దు. రాలిన ఆకులో ఈ శిలీంధ్రం ఏళ్ల తరబడి బతుకుతుంది. పైన కొత్త మల్చ్ పరిస్తే వానచినుకుతో పైకి చిమ్మడం తగ్గుతుంది. దీని బీజాలు జిగురుగా ఉంటాయి, గాలికి దూరం పోవు. కత్తెరలు, బూట్లు, కుక్క బొచ్చు, కొత్తగా కొన్న మొక్కలు, క్రిస్మస్ దండలు వీటి వాహనాలు. కొత్త మొక్కను నెలరోజులైనా పాతవాటికి దూరంగా ఉంచి చూడండి. పొదల కింద నేల కప్పడానికి చాలామంది వేసే ప్యాకిసాండ్రాకూ ఇదే తెగులు సోకుతుంది, అక్కడి నుంచి మళ్లీ బాక్స్‌వుడ్‌కి ఎక్కుతుంది. కాబట్టి ఆ రెండూ కలిపి పెట్టకపోవడమే మేలు.

రెండో ఉపద్రవం బాక్స్ ట్రీ మాత్. తూర్పు ఆసియా రెక్కల పురుగు ఇది. 2014 వింటర్ ఒలింపిక్స్ కోసం ఇటలీ నుంచి రష్యాలోని సోచికి తెచ్చిన మొక్కలతో 2012లో కాకసస్‌లో అడుగుపెట్టి, అక్కడి సహజ బాక్స్‌వుడ్ అడవుల్ని చాలావరకు తినేసింది. 2018లో టొరంటోలో, 2021లో న్యూయార్క్ రాష్ట్రం నయాగరా కౌంటీలో కనిపించింది. రెమ్మల మధ్య సాలెగూడులాంటి పోగులు, ఆకుపచ్చ రెట్టలు, ఈనెలు మాత్రం మిగిలిన ఆకులు కనిపిస్తే పొద విప్పి చూడండి. నల్లతల, పచ్చటి ఒళ్లు, నలుపు తెలుపు చారలతో ఒకటిన్నర అంగుళం గొంగళిపురుగు ఉంటుంది. కొద్దిగా ఉంటే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయండి. ఎక్కువైతే బీటీ కుర్‌స్టాకీ అనే, గొంగళిపురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందును సాయంత్రం పూట, ఆకు రెండు పక్కలా, పొద లోపలికీ తడిసేలా కొట్టండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖకూ చెప్పండి.

మీ పొద నుంచి కొత్త మొక్కలు చేసుకోవడం

తెగులు లేని పొద నుంచి ఆగస్టులో, గట్టిపడ్డ ఆ ఏటి రెమ్మలు నాలుగంగుళాలవి కొయ్యండి. కింది సగం ఆకు తీసి, వేళ్లు పుట్టించే 0.3 శాతం ఐబీఏ పొడిలో ముంచి, పీట్, పెర్లైట్ సమపాళ్లలో కలిపిన కుండీలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కప్పి నీడలో పెట్టండి. రెండు మూడు నెలలకు మెల్లగా లాగితే పట్టు తగలాలి. మొదటి చలికాలం వేడి చేయని గరాజు కిటికీ దగ్గర గడిపించి, మరుసటి శరదృతువులో నేలలోకి మార్చండి. కోసిన రెమ్మలు కుక్కకో మేకకో అందేలా వదలకండి, ఆకులో విషపు ఆల్కలాయిడ్లుంటాయి.